పిల్లల టీకా మీద నిర్ణయం ఎవరిది?

2016 నవంబర్‌లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో ఒక మొండి టైఫాయిడ్ బయటపడింది. అది మొదలైన ఊరి పేరు హైదరాబాద్. డాక్టర్లు టైఫాయిడ్‌కు మామూలుగా రాసే యాంటీబయాటిక్‌లు దాదాపు ఏవీ దాని మీద పనిచేయలేదు. నోటి ద్వారా ఇచ్చే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. కేసులు వేలల్లోకి వెళ్లాయి. జబ్బు పడ్డవాళ్లలో ఎక్కువమంది పిల్లలే.

దాన్ని అడ్డుకోవడానికి వాడిన టీకా మన హైదరాబాద్‌లో, జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌లో తయారైంది. దాని పేరు టైప్‌బార్ టీసీవీ. పాత టైఫాయిడ్ టీకాలు రెండేళ్ల లోపు పిల్లలకు పనికొచ్చేవి కావు. దీన్ని ఆరు నెలల పసివాళ్లకూ వేయొచ్చు. 2018 మొదట్లో ఆ హైదరాబాద్‌లోని కొన్ని ప్రాంతాల్లో అత్యవసరంగా వేశారు. 2019 నవంబర్‌లో సింధ్ పట్టణ ప్రాంతాల్లో 9 నెలల నుంచి 15 ఏళ్ల వరకు ఉన్న సుమారు కోటి మంది పిల్లల కోసం పెద్ద కార్యక్రమం పెట్టారు. తర్వాత పిల్లలందరికీ మామూలుగా వేసే టీకాల జాబితాలో చేర్చారు. ఈ రకం టైఫాయిడ్ టీకాను (టీసీవీ) అలా చేర్చిన మొదటి దేశం పాకిస్తానే.

ఇక్కడ తేదీలు చూడాలి. 2019 ఆగస్టులో, కశ్మీర్ విషయంలో మన ప్రభుత్వ నిర్ణయం తర్వాత, పాకిస్తాన్ భారత హైకమిషనర్‌ను వెనక్కి పంపి మనతో వ్యాపారం ఆపేసింది. సెప్టెంబర్‌లో మందులకు మాత్రం సడలింపు ఇచ్చింది. రెండు ప్రభుత్వాల మధ్య సంబంధాలు బాగా చెడిన ఆ రోజుల్లో ఈ హైదరాబాద్ టీకా ఆ హైదరాబాద్ పిల్లలకు చేరింది. డబ్బు పెట్టింది జెనీవాలోని గావి అనే సంస్థ. కొనుగోలు పని యునిసెఫ్‌ది. నాణ్యత పరీక్షించి సరేనన్నది డబ్ల్యూహెచ్‌ఓ. నేరుగా ఢిల్లీని ఇస్లామాబాద్ అడగలేదు, ఇస్లామాబాద్‌కు ఢిల్లీ ఇవ్వలేదు. అయినా పని జరిగింది.

ఈ గావి ప్రభుత్వం కాదు, కంపెనీ కాదు, ఐక్యరాజ్యసమితి విభాగం కూడా కాదు. స్విట్జర్లాండ్ చట్టం కింద నమోదైన ఒక ఫౌండేషన్. కానీ యాభైకి పైగా పేద దేశాల్లో ఏ పిల్లకు ఏ టీకా, ఎప్పుడు, ఎంత ధరకు అన్న నిర్ణయాల్లో దాని మాట చాలా ప్రభుత్వాల మాటకంటే గట్టిగా చెల్లుతుంది. ప్రపంచ పాలనలో పబ్లిక్-ప్రైవేట్ భాగస్వామ్యం (పీపీపీ) అంటే ఏమిటో తెలియాలంటే ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

మనకు తెలిసిన పీపీపీ వేరు

పీపీపీ అనగానే మనకు శంషాబాద్ విమానాశ్రయం, హైదరాబాద్ మెట్రో, హైవేల మీద టోల్ గేట్లు గుర్తొస్తాయి. అక్కడ లెక్క కొంత సూటిగా ఉంటుంది. ప్రభుత్వం ఒక కంపెనీతో ఒప్పందం రాసుకుంటుంది. ఇన్నేళ్లు నడుపుకో, ఇంత వసూలు చేసుకో, ఆ తర్వాత మాకు అప్పజెప్పు అంటుంది. తేడా వస్తే కోర్టు ఉంది, కాగ్ ఉంది, అసెంబ్లీ ఉంది. మరీ నచ్చకపోతే ఆ ఒప్పందం చేసిన ప్రభుత్వాన్నే జనం దించేయొచ్చు.

ప్రపంచం మొత్తానికి అలాంటి ప్రభుత్వం లేదు. దేశాలు కూర్చుని ఒడంబడికలు రాసుకోవడమే పాత పద్ధతి. అందులో ఒక్కో దేశానికి ఒక్కో ఓటు ఉంటుంది కానీ ఏళ్లు పడుతుంది, డబ్బు మాత్రం రాదు. 1990ల చివరి నుంచి ఇంకో దారి పుట్టింది. ప్రభుత్వాలు, ఐరాస సంస్థలు, కంపెనీలు, పెద్ద ఫౌండేషన్లు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక బోర్డు పెట్టుకుంటాయి. డబ్బు ఎటు పోవాలో, ఎవరికి ముందు ఇవ్వాలో, ఏ షరతు మీద ఇవ్వాలో ఆ బోర్డే తేలుస్తుంది. 2002 జొహన్నెస్‌బర్గ్ సదస్సు నాటికి ఐరాస ఈ పద్ధతిని బాహాటంగా నెత్తికెత్తుకుంది. 2015లో రాసుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 17వ దానిలోకి నేరుగా ఎక్కించింది. ఎయిడ్స్, క్షయ, మలేరియాల కోసం 2002లో వచ్చిన గ్లోబల్ ఫండ్ ఈ కోవలోదే. మహమ్మారుల టీకాల కోసం 2017లో దావోస్‌లో మొదలైన సెపీ కూడా అంతే. సెపీ వ్యవస్థాపకుల్లో నార్వే, గేట్స్ ఫౌండేషన్, వెల్‌కమ్ ట్రస్ట్, వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్‌లతో పాటు భారత ప్రభుత్వం కూడా ఉంది.

మెట్రో కట్టే కంపెనీ మెట్రో కడుతుంది. ఊరికి మెట్రో కావాలా వద్దా అన్నది ప్రభుత్వం తేలుస్తుంది. ప్రపంచ స్థాయి భాగస్వామ్యాల్లో ఆ తేల్చే పని కూడా బోర్డుదే. అందుకే దీన్ని పాలన అంటున్నాం.

గావి ఎందుకు పుట్టింది

హెపటైటిస్-బి టీకా, పిల్లల్లో న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియాను ఆపే హిబ్ టీకా ధనిక దేశాల్లో 1980ల్లోనే ఉన్నాయి. పదేళ్లు దాటినా పేద దేశాల పిల్లలకు అందలేదు. కంపెనీలను అడిగితే ఆర్డర్లు లేవు, తయారు చేసి ఏం చేయాలి అన్నాయి. ప్రభుత్వాలను అడిగితే ధర భరించలేం, ఆర్డర్ ఎలా ఇస్తాం అన్నాయి. ఇద్దరూ చెప్పింది నిజమే. మధ్యలో పిల్లలు పోయారు.

ఆ ముడి విప్పడానికే 2000 జనవరిలో దావోస్‌లో గావిని ప్రకటించారు. గేట్స్ ఫౌండేషన్ 75 కోట్ల డాలర్ల హామీతో మొదలుపెట్టింది. ఐడియా సులువైనదే. చాలా పేద దేశాల అవసరాన్ని ఒకచోట చేర్చి, ముందే డబ్బు చూపించి, పెద్ద ఆర్డర్ పెడితే తయారీదారులు ముందుకొస్తారు, పోటీ పెరిగితే ధర దిగుతుంది. అలాగే జరిగింది. ఐదు జబ్బులకు ఒకే ఇంజెక్షన్‌గా ఇచ్చే పెంటావలెంట్ టీకాకు మొదట్లో ఒకే తయారీదారు ఉండేది, ధర మూడు డాలర్లు దాటేది. తర్వాత భారతీయ కంపెనీలు వచ్చాయి. వాటిలో హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ ఒకటి. 2016 నాటికి ధర డాలర్ లోపుకు దిగింది. మన దేశంలో కూడా పెంటావలెంట్ 2011 డిసెంబర్‌లో తమిళనాడు, కేరళల్లో గావి సాయంతోనే మొదలైంది.

బోర్డులో 28 కుర్చీలు. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు, గేట్స్ ఫౌండేషన్‌లకు ఒక్కో శాశ్వత స్థానం. దాత దేశాలకు ఐదు, టీకాలు తీసుకునే దేశాలకు ఐదు. ధనిక దేశాల టీకా కంపెనీలకు ఒకటి, వర్ధమాన దేశాల కంపెనీలకు ఒకటి. పరిశోధన సంస్థలకు ఒకటి, పౌర సంఘాలన్నిటికీ కలిపి ఒకటి. తొమ్మిది మంది ఏ సంస్థకూ చెందని వ్యక్తులు. ఓటు లేని సీఈఓ.

ఈ లెక్కను ఇంకోసారి చూడండి. టీకా అమ్మేవాళ్లకు రెండు ఓట్లు, టీకా వేయించుకునే జనం తరఫున మాట్లాడే సంఘాలకు ఒక ఓటు. అమ్మేవాళ్లు బల్ల దగ్గర ఉండకూడదని నేను అనను. తయారీ ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. కానీ తాము అమ్మే సరుకు మీద నిర్ణయం జరిగేటప్పుడు వాళ్లు పక్కకు లేవాలి. ఆ నియమం ఎంత గట్టిగా అమలవుతుందన్నదే సంస్థ మీద నమ్మకానికి ఆధారం. గ్లోబల్ ఫండ్ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. అక్కడ ఓటున్న 20 స్థానాల్లో ఒకటి ఆ జబ్బులతో బతుకుతున్నవాళ్ల కోసమే పెట్టారు.

ధర ఎవరు కడతారు

మన రైతుకు కనీస మద్దతు ధర అంటే తెలుసు. పండించు, బయట ధర పడిపోయినా ఈ రేటుకు మేం కొంటాం అని ముందే చెప్పడం. 2007లో ఇటలీ, బ్రిటన్, కెనడా, రష్యా, నార్వే, గేట్స్ ఫౌండేషన్ కలిసి 150 కోట్ల డాలర్లతో న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ టీకాకు అలాంటి హామీయే ఇచ్చాయి. కంపెనీలు పదేళ్ల పాటు డోసు 3.50 డాలర్లు మించకుండా అమ్మాలి. బదులుగా మొదటి కొన్ని డోసులకు ఈ నిధి నుంచి ఇంకో 3.50 డాలర్లు కలిపి 7 డాలర్లు ఇస్తారు.

టీకా వేగంగా చేరింది. పదిహేను కోట్లకు పైగా పిల్లలు వేయించుకున్నారు. అందులో అనుమానం లేదు. కానీ డబ్బులో సింహభాగం వెళ్లింది ఫైజర్‌కు, జీఎస్‌కేకు. ధనిక దేశాల మార్కెట్ కోసం ఆ రెండూ అప్పటికే టీకా దాదాపు సిద్ధం చేసుకున్నాయి. కొత్త తయారీదారును తెచ్చి ధర దించాలన్నది అసలు ఆశయం. అది నెరవేరడానికి 2019 డిసెంబర్ దాకా పట్టింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ టీకాకు అప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదం వచ్చింది, ధర 2 డాలర్లకు దిగింది. ఈలోగా 2016లో ఫైజర్ పది లక్షల డోసులు ఉచితంగా ఇస్తానంటే వైద్య సేవా సంస్థ ఎంఎస్‌ఎఫ్ వద్దంది. మాకు దానం కాదు, అందరికీ అందే ధర కావాలి అని చెప్పింది. దానం పుచ్చుకుంటే ధర గురించి అడిగే నోరు పోతుందని వాళ్ల వాదన. నాకది సబబే అనిపిస్తుంది.

ఇదే పని తలకిందులుగా చేసిన కథ ఒకటుంది. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఆఫ్రికాలో ఒక పట్టీలా మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) చెలరేగేది. 1996-97లో రెండున్నర లక్షల మందికి సోకి పాతిక వేల మంది చనిపోయారు. ఆఫ్రికా ఆరోగ్య మంత్రులు ఒక్కటే మాట చెప్పారు: డోసు అర డాలర్ లోపు ఉంటేనే మేం నిలబెట్టుకోగలం. డబ్ల్యూహెచ్‌ఓ, పాత్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ ధరను గీతలా గీసుకుని అక్కడి నుంచి వెనక్కి పనిచేసుకుంటూ వచ్చాయి. ముడిపదార్థం నెదర్లాండ్స్ నుంచి, తయారీ పద్ధతి అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల నుంచి, తయారీ సీరంలో. 2010 డిసెంబర్‌లో బుర్కినా ఫాసోలో మెనాఫ్రివాక్ మొదలైంది. 30 కోట్ల మందికి పైగా వేశారు. ఆ రకం మెనింజైటిస్ ఆ ప్రాంతంలో దాదాపు కనబడకుండా పోయింది. ఇక్కడ ధర తేల్చింది టీకా కొనే దేశాలు. నా దృష్టిలో మొత్తం తేడా అక్కడే ఉంది.

భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావైరస్ విరేచనాల టీకా రోటావాక్ కూడా ఈ రెండో దారిలో నడిచినదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980ల్లో పసికందుల్లో దొరికిన వైరస్ రకం, డాక్టర్ ఎం.కె. భాన్ పట్టుదల, మన బయోటెక్నాలజీ శాఖ, అమెరికా సంస్థలు, గేట్స్ నిధులు, డోసు డాలర్‌కే ఇస్తామని కంపెనీ ముందే ఇచ్చిన మాట. 2016లో ప్రభుత్వ టీకాల్లోకి మొదట తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఖమ్మంలో ఏం జరిగింది

ఇంతవరకు మంచి వైపు చూశాం. రెండో వైపు చూడటానికి జెనీవా దాకా పోనక్కర్లేదు.

2009 జులైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి, నడిపింది పాత్, కలిసి పనిచేసింది వైద్య పరిశోధనకు మన కేంద్ర సంస్థ ఐసీఎంఆర్, ఊళ్లలో పని చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ, టీకా ఉచితంగా ఇచ్చింది మెర్క్. గుజరాత్‌లోని వడోదరలో జీఎస్‌కే టీకాతో ఇలాంటిదే నడిచింది. కాగితం మీద చూస్తే ఇదొక ఆదర్శ భాగస్వామ్యం.

కొన్ని నెలల్లో ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు, ఐదుగురు మన దగ్గర, ఇద్దరు గుజరాత్‌లో. మహిళా సంఘాలు గొంతెత్తాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టు ఆపించింది. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణం కాదనే తేల్చింది. పాము కాటు, నీట మునగడం, పురుగుల మందు, జ్వరాలు అని కారణాలు రాసింది. నేను ఆ నిర్ధారణను కాదనడం లేదు. హెచ్‌పీవీ టీకా మంచిదే. ప్రపంచమంతా వేస్తున్నారు, ఆడపిల్లలకు అందాల్సిందే.

నా మనసు ఆగేది సమ్మతి పత్రాల దగ్గర. మన రాష్ట్రంలో 9,543 పత్రాలు తీసి చూస్తే 1,948 వాటి మీద వేలిముద్రలు ఉన్నాయి, 2,763 వాటి మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. గిరిజన ఆశ్రమ పాఠశాల పిల్లలు వాళ్లు. అమ్మానాన్నలు ఊళ్లో, పిల్ల హాస్టల్లో. బియ్యం బస్తా దిగినప్పుడు సంతకం పెట్టే వార్డెనే బిడ్డ ఒంట్లోకి వెళ్లే మందుకూ సంతకం పెట్టారు. వార్డెన్లను, హెడ్‌మాస్టర్లను అలా పెట్టమన్నది ప్రభుత్వ యంత్రాంగమే.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో అందరినీ కడిగేసింది. టీకాకు మన దేశంలో అనుమతి రాకముందే, 2007లోనే, ఐసీఎంఆర్ ఒప్పందం ఎలా చేసుకుందని నిలదీసింది. కంపెనీల వ్యాపారం కోసమే పాత్ ఇదంతా చేసిందని రాసింది. పాత్ ఆ మాటను ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లిన వ్యాజ్యంలో, పార్లమెంటరీ కమిటీల నివేదికలను కోర్టులు పరిశీలించవచ్చా అన్న ప్రశ్న రాజ్యాంగ ధర్మాసనం దాకా పోయింది. చూడొచ్చని 2018 మేలో తీర్పు వచ్చింది. చట్టానికి అది పెద్ద మలుపు. ఖమ్మం తల్లులకు దానివల్ల ఏం ఒరిగింది?

భాగస్వామ్యంలో ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పుకోవడానికి ఒక మాట ఉంది. మేం డబ్బు మాత్రమే ఇచ్చాం. మేం టీకా మాత్రమే ఇచ్చాం. మేం సాంకేతిక సలహా మాత్రమే. మేం పైనుంచి చెప్పింది చేశాం. ఒక్కొక్కరి మాట విడిగా వింటే సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపితే బాధ్యత ఎక్కడా లేదు. ఇది ఎవరో ఒకరి చెడ్డతనం వల్ల వచ్చింది కాదు. పని పంచుకున్నప్పుడు జవాబుదారీని ఎవరి పేరు మీదా రాసుకోకపోతే ఇలాగే అవుతుంది.

నష్టం ఆ పిల్లలతో ఆగలేదు. ఆ వివాదం తర్వాత చాలా ఏళ్లు హెచ్‌పీవీ పేరెత్తడానికే ప్రభుత్వాలు వెనకాడాయి. సీరం తయారుచేసిన మన సొంత హెచ్‌పీవీ టీకా 2023 జనవరికి గానీ రాలేదు. ఈలోగా ఒక తరం ఆడపిల్లలు టీకా వయసు దాటిపోయారు. అడగకుండా వేసిన టీకా చివరికి అడిగినవాళ్లకు కూడా దొరక్కుండా చేసింది.

కొవాక్స్ దగ్గర బయటపడ్డది

కొవిడ్ వచ్చినప్పుడు ఈ పద్ధతికి అతిపెద్ద పరీక్ష ఎదురైంది. గావి, సెపీ, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి 2020లో కొవాక్స్ పెట్టాయి, మోసుకెళ్లి అందించే పని యునిసెఫ్‌ది. అన్ని దేశాలూ ఒకే సంచిలో డబ్బు వేసి, జనాభా ప్రకారం టీకాలు పంచుకోవాలని ఆలోచన. 2021 చివరికి 200 కోట్ల డోసులు లక్ష్యం.

ధనిక దేశాలు కొవాక్స్‌ను మెచ్చుకుంటూనే పక్క నుంచి కంపెనీలతో సొంత ఒప్పందాలు చేసుకున్నాయి. ముందు వరసలో ఉన్న డోసులన్నీ అలా పోయాయి. కొవాక్స్ ఎక్కువగా ఒక్క సీరం మీదే ఆధారపడాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరి 24న పుణె నుంచి ఆరు లక్షల డోసులు ఘనాలో దిగాయి. నెల తిరిగేసరికి మన దగ్గర రెండో వేవ్. ఆక్సిజన్ కోసం జనం రోడ్ల మీద పరుగులు పెడుతున్న రోజులవి. ఎగుమతులు ఆగిపోయాయి. జూన్ నాటికి కొవాక్స్‌కు 19 కోట్ల డోసుల లోటు. మన ప్రభుత్వం చేసింది అప్పుడు తప్పనిసరే. కానీ ఆఫ్రికాలో మొదటి డోసు వేయించుకుని రెండోదాని కోసం ఎదురుచూసిన నర్సు వైపు నుంచి కూడా చూడాలి. ఆమె ఎవరిని అడగాలి? 200 కోట్ల లక్ష్యంలో సగం, అంటే వంద కోట్లు దాటేసరికి 2022 జనవరి వచ్చింది.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఒకటుంది. భాగస్వామ్యం డబ్బు పోగు చేయగలదు, బేరం ఆడగలదు. ఒక దేశాన్ని ఆపలేదు, ఒక కంపెనీని శాసించలేదు. ఆ పని ఒడంబడికలే చేయాలి. 2020 అక్టోబర్‌లో భారత్, దక్షిణాఫ్రికా పేటెంట్ల మీద తాత్కాలిక సడలింపు అడిగింది ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓలో, ప్రభుత్వాల మధ్య. అక్కడ 2022 జూన్ దాకా నాన్చి, చివరికి కోరిన దానిలో చిన్న ముక్క ఇచ్చారు. కొవాక్స్ ఉందిగా అన్న మాట ఆ నాన్చుడుకు ఒక సాకుగా పనికొచ్చిందని నా అభిప్రాయం.

ఈ సంస్థలు ఎందుకింత బలపడ్డాయో అర్థం కావాలంటే డబ్ల్యూహెచ్‌ఓ లెక్క చూడాలి. దేశాలు సభ్యత్వ చందాగా కట్టేది 2020-21లో దాని బడ్జెట్‌లో ఆరో వంతు కూడా కాదు, మిగతాదంతా ఇచ్చినవాళ్ల ఇష్టానుసారం వచ్చే సొమ్ము. ఎవరు ఇస్తే వాళ్లు చెప్పిన పనికే ఎక్కువగా వాడాలి. ఈ వాటాను క్రమంగా సగానికి పెంచుతామని 2022లో సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. ప్రభుత్వాలు ఖాళీ చేసిన కుర్చీలోనే దాతలు కూర్చున్నారు. దాత లేచిపోతే ఏమవుతుందో 2025 జూన్‌లో చూశాం. గావి 1,190 కోట్ల డాలర్లు కావాలంటే అమెరికా ఇవ్వనంది, చేతికొచ్చిన హామీలు 900 కోట్లు దాటాయంతే. ఆ తేడా మేరకు పిల్లల టీకాల్లో కోత పడాల్సిందే. ఆ కోత మీద ఓటు వేసే హక్కు ఆ పిల్లల తల్లిదండ్రులు ఎవరికీ లేదు.

ఇలాంటి భాగస్వామ్యాలు వద్దని నేను అనలేను. సింధ్ పిల్లలను, బుర్కినా ఫాసో పిల్లలను చూశాక ఆ మాట రాదు. మన దేశం ఇందులో మూడు వైపులా ఉంది: ఒకప్పుడు సాయం పుచ్చుకుంది, ఇప్పుడు చందా ఇస్తోంది, టీకాలు తయారుచేసి పంపుతోంది. మూడు వైపులా ఉన్నవాళ్లు గట్టిగా అడగగలరు. అడగాల్సినవి పెద్ద సిద్ధాంతాలేం కావు. కొవాక్స్ ఒప్పందాల్లోని ధరలు, షరతులు ప్రజలకు చూపలేదు. ప్రజల డబ్బుతో చేసే ఒప్పందం ప్రజలకు కనబడాలి. టీకా వేయించుకునే జనానికి బోర్డులో ఒక కుర్చీ చాలదు. హాని జరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే రాసి ఉండాలి.

ఈ చివరిది సాధ్యం కాదని చెబితే నమ్మొద్దు. 2021 ఫిబ్రవరిలో డబ్ల్యూహెచ్‌ఓ ఒక ఏర్పాటు చేసింది. కొవాక్స్ ద్వారా టీకాలు అందుకున్న 92 దేశాల్లో ఎవరికైనా తీవ్రమైన దుష్ఫలితం వస్తే, తప్పు ఎవరిదో కోర్టులో నిరూపించనక్కర్లేకుండానే పరిహారం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. దానికి సొమ్ము దాతల నిధి నుంచి, డోసుకు కొంత చొప్పున పక్కన పెట్టారు. తమ మీద కేసులు పడకూడదని కంపెనీలు పట్టుబట్టాయి కాబట్టే అది అంత వేగంగా పుట్టింది. ఆ హామీ కొవాక్స్ ఇచ్చిన కొవిడ్ టీకాలకు మాత్రమే. ఆ దేశాల పిల్లలకు ఏటా వేసే టైఫాయిడ్, రోటా, హెచ్‌పీవీ టీకాలకు దాన్ని విస్తరించడం గావి బోర్డు ముందు పెట్టాల్సిన తీర్మానం. దాన్ని భారత్ పెట్టాలి.